బీరువా వెనక రెండు వైర్లు

ఇన్నేళ్లుగా మోస్తున్నాను. చెబితే, ఇంతోటి దానికా ఇంత బాధ అని మీరు నవ్వుతారు. నవ్వండి. ఆ మాట నాకు నేనే ఎన్నిసార్లో చెప్పుకున్నాను, బరువు మాత్రం దిగలేదు. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీ ముఖం నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

ఇళ్లలోకి వైఫై కొత్తగా వస్తున్న రోజులవి. నేను పోర్టులో ఎలక్ట్రికల్ మెయింటెనెన్సులో ఉండేవాణ్ణి. మల్కాపురంలో మా అపార్టుమెంటులో పన్నెండు ఇళ్లు. ఎవరింట్లో ఫ్యూజు పోయినా నన్నే పిలిచేవారు. నాకు అదో గర్వం.

ఆ దసరాకు ఆయుధపూజలో స్క్రూడ్రైవర్లు, టెస్టరు, స్కూటరు, మా ఆవిడ కుట్టుమిషను, అన్నీ పెట్టాం. రౌటరును కూడా పెడదామన్న దిక్కుమాలిన ఆలోచన నాదే. ఎవరూ అడగలేదు. వైర్లు పీకి, దేవుడి ముందు పెట్టి, పసుపూ కుంకుమా బొట్లు పెట్టాను. సాయంత్రం మళ్లీ తగిలించాను. బీరువా వెనక ఫోను లైను ఒక చిన్న డబ్బాలోకి వచ్చి రెండుగా చీలుతుంది. ఒక కన్నం ఫోనుకి, ఒకటి రౌటరుకి. బీరువా కాస్త జరిపి, సందులో చెయ్యి దూర్చి, చూడకుండానే రెండూ గుచ్చేశాను.

మర్నాడు నెట్ లేదు. పవరు దీపం వెలుగుతోంది, వైఫై దీపం వెలుగుతోంది. కంప్యూటరు కనెక్టయ్యానంటోంది. ఇంటర్నెట్ దీపం మాత్రం చచ్చినా వెలగదు. ఆపాను, వేశాను, మళ్లీ ఆపాను. కస్టమర్ కేర్ అమ్మాయి కూడా ఆపి వెయ్యమనే చెప్పింది. అదే కదా తల్లీ పొద్దుట్నుంచీ చేస్తున్నాను! ఫోను మోగుతోంది కాబట్టి లైను బాగుందని తేల్చేశాను. కొంచెం గరగర ఉంది, పట్టించుకోలేదు.

చివరికి కంప్యూటర్లు బాగుచేసే సత్యాన్ని పిలిచాను. చుట్టరికం లేదు, బావా అంటే బావా అనుకునేవాళ్లం. సముద్రం మీద బతికే ఇంట్లో పుట్టాడు, కానీ పడవెక్కితే కడుపులో దేవి వాంతులు. వాళ్లవాళ్ల ఎగతాళి పడలేక కంప్యూటర్ల పని నేర్చుకుని, మా వీధి చివర చిన్న షాపు పెట్టాడు. మా పన్నెండు ఇళ్ల కంప్యూటర్లూ నెట్టూ అతనికే అప్పగించాలని అనుకుంటున్నారు. ఆదివారం మీటింగు. అది దొరికితే షాపు నిలబడుతుంది, పడవ మాట ఉండదు.

వచ్చీ రాగానే అడిగాడు.

"బావా, వైర్లేటైనా పీకి మళ్లీ పెట్టావేటి?"

"నానేటీ ముట్టుకోలేదు."

"అయితే బీరువా కదపక్కర్నేదు. నువ్వు ముట్టుకోనేదంటే ముట్టుకోనేదే."

ఎందుకలా అన్నాను? ఎలక్ట్రీషియన్ని, రెండు వైర్లు తగిలించడం రాలేదా అంటాడని. అంతే. ఇంకేమీ లేదు.

మూడు గంటలు కూర్చున్నాడు. పిన్నుతో గుచ్చి రౌటరును మొదటికి తెచ్చాడు, ఉన్న సెట్టింగులన్నీ పోయాయి, మళ్లీ కొట్టాడు, మార్చాడు, మళ్లీ కొట్టాడు. టీ చల్లారిపోయింది. నేను వెనక నిలబడి ఉస్సురంటున్నాను. రాని పనికి ఎందుకొచ్చావయ్యా అని కూడా అన్నాను. రేపు మళ్లీ వత్తానని తల దించుకుని వెళ్లాడు.

అతను వెళ్లాక, అతను అడిగిన మాటే నన్ను తొలిచింది. బీరువా జరిపి చూశాను. ఫోను కన్నంలో రౌటరు వైరు, రౌటరు కన్నంలో ఫోను వైరు. మార్చి గుచ్చాను. రెండు నిమిషాల్లో దీపం పచ్చగా వెలిగింది. దాన్ని చూస్తే ఒళ్లు మండిపోయింది.

అప్పుడైనా ఒక్క ఫోను చేసి, తప్పు నాదేనోయ్ అని ఉంటే? చెయ్యలేదు. మర్నాడు అతను వస్తే, వేరేవాళ్లు బాగుచేసేశారని గుమ్మంలోంచే పంపేశాను. ఆదివారం మీటింగులో నన్నే అడిగారు, సత్యం పనిమంతుడేనా అని. మూడు గంటలు కెలికి పాడుచేశాడు, వేరే మనిషి వచ్చి రెండు నిమిషాల్లో బాగుచేశాడు అన్నాను. ఆ వేరే మనిషిని నేనే. నా మాటకు అక్కడ విలువుంది కదా, పని ఇంకెవరికో ఇచ్చారు. ఆ మాట వీధిలోకీ పోయింది. ఏడాది తిరక్కుండా షాపుకు తాళం పడింది. అతను పడవెక్కాడు.

ఈమధ్య హార్బరులో చేపలకు వెళ్తే కనిపించాడు. సన్నబడ్డాడు. బావా అని పిలిచి, మంచి వంజరం తనే ఏరి సంచిలో వేశాడు. ఆ రోజు నీ పని సెయ్యనేకపోయాను బావా, ఎక్కడ తప్పు పోయానో ఇప్పటికీ తెలీదు అన్నాడు. వేటకెళ్లినప్పుడు కూడా అదే ఆలోచిస్తాడట. ఇంకా వాంతులవుతాయా అని అడగబోయి ఊరుకున్నాను. చేప తెచ్చుకుని తిన్నాను కూడా. నాలాంటివాణ్ణి ఏమనాలి?

క్షమించమని అడగడం లేదు. మీరు క్షమిస్తే అతని షాపు తెరుచుకోదు. ఆ రోజు ఇవ్వాల్సిన జవాబు మాత్రం ఇక్కడ రాస్తున్నాను. ముట్టుకున్నాను బావా. రెండు వైర్లూ నానే పీకాను, నానే తప్పు పెట్టాను. నీ పనిలో తప్పు నేదు.