రియాద్ నుంచి సిద్దిపేటకు ఎంత దూరమో తెలిసిన సత్తయ్య

సత్తయ్య ఇక లేడన్న మాట పొద్దున్నే చెవిన పడింది. ముందురోజు సాయంత్రం పక్కపక్కనే షట్టర్లు దించుకుని వెళ్లినవాళ్లం. గుండెపోటట.

సిద్దిపేట బస్టాండు దగ్గర ఆయనది విమాన టికెట్ల దుకాణం, దాన్ని ఆనుకుని నాది ఫొటో స్టూడియో. ఇన్నేళ్ల సాహచర్యంలో ఆయన విమానం ఎక్కగా నేను చూడలేదు. డాబా మెట్లెక్కితేనే కళ్లు తిరిగే ధీరుడు! అయినా గల్ఫ్‌కు వెళ్లే మా ప్రాంతం వాళ్లకు ఆయనే పెద్ద దిక్కు.

మనిషి ఎప్పుడొస్తాడని అడిగితే విమానం గంటలు చెప్పడం ఆయన పద్ధతి కాదు. యజమాని పాస్‌పోర్టు చేతికివ్వడం, క్యాంపు నుంచి బండి దొరకడం, శంషాబాద్‌లో సామాను కోసం నిలబడటం, ఆ తర్వాత బస్సు, అన్నీ కలుపుకుని చెప్పేవాడు.

ఒకసారి కొడుకు రియాద్‌లో బయలుదేరుతున్నాడని బెజ్జంకి నుంచి ఒక తల్లి అన్నం గిన్నెతో బస్టాండుకు వచ్చేసింది. ఐదు గంటల ప్రయాణమేనని ఎవరో చెప్పారట. సత్తయ్య ఆమెను తన కుర్చీలో కూర్చోబెట్టాడు.

"అవ్వా, గాలిల ఐదు గంటలే. దూరమంత నేల మీదనే ఉంటది. రేపు మాపటికి వస్తడు, ఇంటికి పో."

"మరి గీ బువ్వ పాడైతది గద బిడ్డా?"

"నాకు పెట్టు."

తినేశాడు కూడా, మొహమాటం లేని మహానుభావుడు. మర్నాడు సాయంత్రమే ఆ కొడుకు దిగాడు. ఇంటికి పోకముందే దుకాణం ముందు నిలబడి, "వచ్చిన అన్నా" అని మొహం చూపించాడు. తిరిగొచ్చిన ప్రతివాడికీ అది ఆనవాయితీ.

సంతానం లేని సత్తయ్యకు తమ్ముడు రాజయ్యే కొడుకు. తల్లిదండ్రులు పోయాక ఎత్తుకుని పెంచాడు. రాజయ్య రియాద్‌లో డ్రైవరు. తలకొరివి అతడే పెట్టాలి. కబురందగానే ఫోనులో బావురుమని, బయలుదేరుతున్నానన్నాడు. పెద్దమనుషులు ఫోన్లు తెరిచి చూశారు: మూడు వేల పైచిలుకు కిలోమీటర్లు, సుమారు ఐదు గంటలు.

"గింతేనా! పొద్దుగూకే లోపల వస్తడు. ఐస్ పెట్టె ఎందుకు?" అన్నారు.

మధ్యాహ్నం దాటినా రాజయ్య చేతికి పాస్‌పోర్టే రాలేదు. ఎండలు మండుతున్నాయి. ఇక ఉంచలేమన్నారు. "నా మరిదిని రానియ్యుండ్రి" అంటూ సత్తయ్య భార్య, మా వదినమ్మ, పాడె పట్టుకుని ఏడ్చినా పొద్దు ఆగలేదు. పాలివాళ్లలో ఒకాయన నిప్పు పెట్టాడు.

ఆ దుకాణాన్ని రేపు మరొకరు తెరవవచ్చు, టికెట్లూ అమ్మవచ్చు. ఎదురుచూసే తల్లిని కూర్చోబెట్టి నిజమైన దూరం చెప్పే ఆ సహృదయుడి లోటు మాత్రం పూడేది కాదు. మిత్రమా, నీకు నా కన్నీటి నమస్సులు.

మర్నాడు సాయంత్రం రాజయ్య వచ్చాడు. ఇంటికి పోలేదు. భుజాన సంచీతో మూసిన షట్టరు ముందు నిలబడి, "వచ్చిన అన్నా" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"గంత జల్దిగ రానని మీకు ఎవ్వరు చెప్పలేదా?"

"చెప్పేటోన్నే గద తమ్మీ, తీసుకపోయింది."