గీతల్లో కలిసిపోయిన చిడతలు

ఉద్యోగ విరమణకు ముందు ఏడాది, మార్చి నెలలో, నన్ను సీనియర్ సబ్ ఎడిటర్‌గా కావలి ఆఫీసుకు వేశారు. విలేకరి రాసిన దానిలో అక్కర్లేనిది కొట్టేయడం సబ్ ఎడిటర్ పని. మా పత్రిక వెబ్‌సైటులో పాత గ్రామఫోన్ రికార్డుల శీర్షిక అప్పుడే మొదలైంది. దాన్నీ నాకే అప్పగించారు.

అది కష్టమైన పని కాదు, ఓపిక కావాలి. ప్లేయరును వైరుతో లాప్‌టాప్‌కు కలిపి, శబ్దం ఎర్ర గీత దాటకుండా చూసుకోవాలి. ఇరవై నిమిషాల రికార్డుకు ఇరవై నిమిషాలూ కూర్చోవలసిందే. తరువాత, రికార్డు మీది గీతల వల్ల వచ్చే టిక్కు టిక్కుమనే చప్పుళ్లను ఫిల్టరుతో ఒకేసారి తీసేయవచ్చు.

బోగోలు నుంచి సువార్తమ్మ గారు ఒక రికార్డు తెచ్చారు. ఆమెకు ఎనభై దాటాయి. వాళ్ల చర్చి బృందం ఒకప్పుడు మద్రాసు వెళ్లి పాడి వచ్చిన పాటలవి. ఆ బృందంలో ఆమె భర్త దేవదానం గారు ఉన్నారు. ఆయన ఇప్పుడు లేరు. ఇంట్లో ప్లేయరు పాడైనప్పటి నుంచి ఆమె ఆ పాటలు వినలేదు. రికార్డు అంచున పగులు లోపలికి పాకుతోంది. మరోసారి వేస్తే నిలుస్తుందన్న నమ్మకం లేక, ఒక్కసారే వేసి ఎక్కించుకున్నాను.

ఫిల్టరు పెట్టాక పాట కడిగినట్టు వచ్చింది. ఆమెను పిలిపించి వినిపించాను. చివరిదాకా విని, "పాట బాగుంది నాయనా. మా ఆయన యాడ?" అన్నారు.

ఆయన పాడలేదట. చెక్క చిడతలు వాయించారట. అట్ట మీద పాడినవాళ్ల పేర్లు, హార్మోనియం వాయించినవారి పేరు ఉన్నాయి గానీ ఆయన పేరు లేదు. గీత చప్పుడుకూ చిడత దెబ్బకూ ఫిల్టరుకు తేడా తెలియదు. అట్ట మాత్రమే చదివిన నాకూ తెలియలేదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా డెస్క్ ఇన్‌ఛార్జి ఒక నియమం పెట్టారు. కొట్టేసిన కాగితాన్ని చించకూడదు, వారం పాటు ఊచకు గుచ్చి ఉంచాలి. ఆ అలవాటు కొద్దీ, ఫిల్టరు పెట్టకముందే ముడి రికార్డింగును వేరే పేరుతో దాచి ఉంచాను. ఆ ఇన్‌ఛార్జికి ఆరోజు మనసులో దండం పెట్టుకున్నాను.

తరువాత మూడు మధ్యాహ్నాలు సువార్తమ్మ గారు నా పక్కన కూర్చున్నారు. చప్పుడు చప్పుడుకూ ఆపి అడిగేవాణ్ణి.

"ఇది గీత. ఇది ఆయన. ఇదీ ఆయనే, ఇక్కడ తొందరపడినాడు. ఎప్పుడూ ఇంతే, చరణం కాడికొస్తే పరుగు."

ఆమె గీత అన్నవాటిని ఒక్కొక్కటిగా తీసేశాను. కొన్ని ఆమెకూ తేలలేదు.

"అనుమానమున్నవి ఉండనీ నాయనా. ఆయన ఖాతాలో వేద్దాం."

పాట వెబ్‌సైటులో పెట్టినప్పుడు, పేర్ల వరుసలో "చిడతలు: దేవదానం" అని చేర్చాను.

ముప్పై ఏళ్లు కొట్టేయడమే వృత్తిగా బతికాను. కొట్టేసే ముందు అది ఎవరిదో అడగాలని సువార్తమ్మ గారి దగ్గర నేర్చుకున్నాను.