సుధామయి గారి జల్లెడ

సుధామయి గారికి కనిపించిందల్లా జల్లెడ పట్టే పిచ్చి. ఆవిడ యూనివర్సిటీలో భూగర్భశాస్త్రం ప్రొఫెసరు. డైనోసార్ల కాళ్ల సందున చుంచెలుకల్లా తిరిగి, అంతరించిపోయిన తొలి క్షీరదాల మీద పరిశోధన. వాటిలో చాలావాటికి మిగిలింది గసగసాలంత పళ్లే. బస్తాల కొద్దీ మట్టి కడిగి జల్లిస్తే, రాసిపెట్టుంటే ఒక పన్ను.

అక్కడితో ఆగితే బాగుండేది. తార్నాకలో రవ్వ కొన్నా కొట్టు బల్ల మీదే సంచిలోంచి జల్లెడ తీసేది.

"అమ్మా, గిరాకీ ఖరాబైతది, ఇంటికి పోయి పట్టుకోండ్రి!" అని కొట్టు నాగేష్ దండం పెట్టేవాడు.

"పురుగు కాలొకటి దొరికిందయ్యా. మిగతా పురుగేదీ?"

ఓ పెళ్లిలో ఆవిడ అక్షింతలు జల్లించేసరికి ముహూర్తం దాటిపోయిందని చుట్టాలు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ల్యాబులో ఊడ్చిన దుమ్మునైతే గడప దాటనిచ్చేది కాదు. పొద్దున్నే అందరికంటే ముందొచ్చి దాన్ని జల్లిస్తూ కూర్చునేది.

"దుమ్ముల ఏముంటది మేడం? మా చెప్పుల మన్ను తప్ప!" అని సీనియర్ విద్యార్థి రత్నాకర్ నవ్వేవాడు.

"నీ చెప్పులు ఏ యుగానివో ఎవరు చూశార్రా?"

ఆవిడ శిష్యుల్లో చిన్నది రజిని, జనగామ వైపు పల్లెటూరి పిల్ల. ఎండాకాలమంతా గోదావరి లోయ మట్టి కడిగితే ఒకే ఒక్క పన్ను దొరికింది. పరిశోధనంతా దాని మీదే. ఓ సాయంత్రం మైక్రోస్కోపు కింద దాన్ని సర్దుతూ "హాచ్!" అని తుమ్మింది. కళ్లు తెరిచేసరికి పన్ను లేదు.

నేలంతా పాకి వెతికింది. ఎవరికీ చెప్పలేక హాస్టల్‌కి పోయి అన్నం మానేసి పడుకుంది. తెల్లారగానే మేడంతో చెప్పేసి ఊరి బస్సెక్కుదామనుకుని ల్యాబుకు వచ్చింది.

తలుపు ఓరగా ఉంది. లోపల సుధామయి గారు నేల మీద బాసింపట్టు వేసుకుని, ముక్కు నిండా దుమ్ముతో జల్లిస్తోంది. తడి కుంచె కొనతో దేన్నో ఎత్తి, వెలుతురులో చూసి, పిల్లిలా నడిచి రజిని బల్ల మీది డబ్బీలో పెట్టి మూత వేసింది.

రజిని లోపలికి వచ్చి డబ్బీ తెరిచింది. పన్ను! కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"మేడం, నిన్న నేను దీన్ని పోగొట్టిన..."

"ఎక్కడ పోయింది? నీ డబ్బీలోనే ఉందిగా! ముందు ఆ తుమ్ములకి మందు వేసుకో."

తుమ్మిన సంగతి రజిని ఎవరికీ చెప్పనేలేదు. చున్నీతో ముఖం తుడుచుకుని వెళ్లి ఆవిడ ఎదురుగా కూర్చుంది. జల్లెడకు రెండో అంచు పట్టుకుంది.

"ఇంకా పడుతున్నరేంది మేడం? నాది దొరికింది కదా!"

సుధామయి గారు తలుపు వైపు ఓసారి చూసి గొంతు తగ్గించింది.

"ఇప్పుడు వెతికేది రత్నాకర్‌ది. పోయిందని వాడికింకా తెలీదు. చెప్పకు, పాపం, బెంగపెట్టుకుంటాడు."