మూత నడుమ ఎర్రచుక్క

విరిగిన కాలు దిండు మీద, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, సముద్రాల అవతల ఉన్న ఒక ఎక్స్‌రే యంత్రాన్ని జహీరాబాద్‌లో మంచం మీంచి నడిపిన మనిషి నేను కాక ఇంకెవరైనా ఉన్నారేమో నాకు తెలియదు. ఉంటే, వాళ్ల అమ్మ కూడా మంచం పక్కన చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ "అయ్యిందా? ఇంకా కాలేదా?" అని అడిగేదా అన్నది మాత్రం తెలుసుకోవాలని ఉంది.

కాలు విరిగింది చిరాగ్‌పల్లి దగ్గర. హైవే మీద స్కూటీ జారింది. ఎవరూ గుద్దలేదు, కుక్క అడ్డం రాలేదు, నా తొందరే అడ్డమొచ్చింది. దవాఖానలో కట్టు కట్టి కాలు కింద పెట్టొద్దన్నారు. నాకు ఆ నెలలోనే ప్రయోగం. ఎన్నోసార్లు అర్జీ పెట్టి, ఎన్నోసార్లు లేదనిపించుకుని, చివరికి ఆ పెద్ద యంత్రం దగ్గర కొన్ని రోజుల సమయం సంపాదించాను. అదీ నా సొంత ఆలోచనకు, మొదటిసారి. హైదరాబాద్‌లో మా ల్యాబ్ పక్క గదివాళ్లు లేజర్లతో రుబీడియం పరమాణువులను పూరీలా పొంగిస్తూ ఏడాది పొడవునా కాలక్షేపం చేస్తారు, వాళ్ల యంత్రం వాళ్లదే. మాది అలా కాదు. ఇచ్చిన రోజుల్లో ఫలితం రాకపోతే మళ్లీ మొహం చూడరు. కాబట్టి నా కింద పరిశోధన చేస్తున్న అబ్బాయి అక్కడికి వెళ్లాలనీ, నేను ఇంటి నుంచి తెర మీద చూస్తూ చెప్పాలనీ అనుకున్నాం.

మా ప్రయోగం చెప్పుకోవడానికి చిన్నదే. ఒక రకం ఇనుము పరమాణువుల కేంద్రకాలకు ఒక వింత గుణం ఉంది. సరైన ఎక్స్‌రే మెరుపు తగిలితే వెంటనే వదిలేయవు. కాసేపు దాచుకుని, అన్నీ కలిసి, మెల్లగా తిరిగిస్తాయి. ఆ కాసేపు అంటే మనం కన్ను ఆర్పే లోపల లక్షల సార్లు అయిపోయేంత తక్కువ. ఆ వెలుగును అవి ఎప్పుడు ఎంత తిరిగివ్వాలో మనం చెప్పగలమా అన్నదే నా ప్రశ్న. దానికి రెండు పలుచని ఉక్కు రేకులు కావాలి. ఒకటి కదలకుండా ఉండాలి, రెండోదాన్ని మనం అనుకున్న క్షణంలో ఇసుమంత కదపాలి. రేకులను పట్టి ఉంచే అల్యూమినియం డబ్బీ మాత్రం రాయిలా ఉండాలి. వణికితే అంతా పోయినట్టే.

ఆ డబ్బీని మా ఊళ్లోనే చేయించాను. బయటి నుంచి తెప్పించుకుంటే నెలలు పడతాయి, హైవే పక్కన లేత్ మిషన్ చాచా అయితే చిన్నప్పటి నుంచీ నన్ను ఎరిగినవాడు. చెరకు బండ్లకు ఇరుసులు చేసే చెయ్యి. గీసిచ్చిన బొమ్మ చూసి, రెండు చిన్న ప్రశ్నలడిగి చేసిపెట్టాడు. మొదటిది వంకరగా వచ్చింది, రెండోది బాగుంది. కట్టుతో ఉన్నానని తనే ఇంటికి తెచ్చిచ్చాడు. "బేటీ, కాలు జర ఆరామ్‌గ పెట్టుకో. మిషన్ యాడికీ వోదు," అన్నాడు. మిషన్ ఎక్కడికీ పోదు కానీ మన రోజులు పోతాయి చాచా అని మనసులో అనుకున్నాను.

అది దసరా ముందు వారం. ఇల్లంతా దులిపి, సున్నం వేసి, గడపలకు జాజు పూసే రోజులు. మా అమ్మ జాజు కొనదు. రాయికోడ్ దారిలో ఉన్న మా చెలకలోంచి ఎర్రమన్ను తెప్పించి, గుడ్డలో జల్లించి, కాస్త నూనె కలిపి పూస్తుంది. ఆ రంగు వానకు కూడా చెదరదని ఆమెకు గొప్ప. డబ్బీ రెండు రోజులు మా అల్మారాలోనే ఉంది. తర్వాత ఆ పరిశోధన అబ్బాయి హైదరాబాద్ నుంచి కారులో వచ్చి, అమ్మ పెట్టిన సకినాలు తిని, డబ్బీ పట్టుకుని వెళ్లాడు. గోదావరి వైపువాడు. సకినం విరగలేదని, పన్ను విరిగిందేమోనని దారి పొడవునా ఫోన్ చేశాడు.

ప్రయోగం మొదలైన రోజు మధ్యాహ్నం తెర మీద మొదటి గీత, తిరిగొచ్చే వెలుగు క్షణక్షణానికీ ఎంతో చూపే గీత, రావడం మొదలైంది. ఇంకా దేన్నీ కదపలేదు. కదపక ముందు ఎలా ఉంటుందో కొలుచుకోవడమే. ఆ గీత పైన మొదలై, నున్నగా కిందికి జారాలి. జారలేదు. దిగి, లేచి, మళ్లీ దిగి, మళ్లీ లేచింది. రేకులు అయస్కాంత గుణం లేని ఉక్కువి, వాటికి ఆ అలలు రానే రావు.

"మేడమ్, ఇదేదో కొత్త విషయమేమోనండీ!" అన్నాడు అబ్బాయి, కళ్లు పెద్దవి చేసి. వయసు అలాంటిది. అక్కడి యంత్రం చూసుకునే పెద్దావిడ పెదవి విరిచింది. నాకైతే తల ప్రాణం తోకకొచ్చింది. మొదటి గీతే నమ్మదగ్గది కాకపోతే తర్వాత ఏం కొలిచినా చెత్తబుట్టకే.

"ఏందే, మొకం గట్ల పెట్టినవ్?" అంది అమ్మ.

ఆమెకు తెలిసిన మాటలో చెప్పాను. "పక్క పక్క చెలకల్ల రెండు మోటర్లు నడుస్తుంటె ఇంటవు కదా. సప్పుడు ఒకసారి పెద్దగైతది, ఒకసారి చిన్నగైతది. గట్లనే వస్తుందమ్మా. మాది ఒక్కటే మోటరు, కని రెండు మూడు మోగుతున్నయ్."

అమ్మ చిక్కుడుకాయ పక్కన పెట్టింది. "మరి ఇంకోటి ఎవలది?"

అదే కదా అసలు సంగతి. అలలు వేసేది లోపల అయస్కాంతం ఉన్న ఇనుము. అలాంటి ఇనుము దారిలో ఎక్కడో ఉండాలి. చాచా లేత్‌లోని ఉక్కు పొడి అంటుకుందేమోనని చాచాను మనసులో నాలుగు తిట్టాను కూడా. అబ్బాయిని కెమెరా డబ్బీ దగ్గరికి తీసుకెళ్లమన్నాను. అన్ని వైపులా చూపించాడు. ముందు వైపు మెరుస్తోంది. వెనక మూత చూపించాడు.

పలుచని అల్యూమినియం మూత. దాని నడిమధ్యలో గుండ్రంగా, ఎర్రగా, అందంగా ఒక చుక్క.

"అదేంది?" అన్నాను.

"అదేంటండీ, మీరే కదా పెట్టారు! మధ్యలో గుర్తు పెట్టి పంపారు కాబట్టే కిరణాన్ని ఇట్టే సరిచేశాను. చుక్కలోంచి సరిగ్గా పోయేలా పెట్టానండీ. వెంట్రుకవాసి కూడా తేడా లేదు," అన్నాడు. ఎంత గర్వమో ఆ మొహంలో.

నేను మెల్లగా అమ్మ వైపు తిరిగాను. అమ్మ తెర వైపు చూస్తోంది. తన బొట్టును తను గుర్తుపట్టినట్టుంది.

"కొత్త సామాను ఇంటికొస్తె బొట్టు వెట్టకుంట ఎట్ల తోలిస్త బిడ్డా?" అంది. "కుంకుమైతె రాలిపోతదని జాజు పెట్టిన. గంత దూరం వోయేది కదా."

కోపం వస్తే నేను ఒంటికాలి మీద లేస్తానని ఇంట్లో అందరికీ తెలుసు, ఆ నెలంతా నాకున్నది నిజంగానే ఒంటికాలు. లేద్దామని నోరు తెరిచాను. నవ్వొచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు. ఎక్స్‌రేలు అంత పెద్ద యంత్రంలో పుట్టి, అన్ని అద్దాలు దాటి, అంత జాగ్రత్తగా సరిచేసుకుని వచ్చి, మా చెలక మన్నులోంచి దూరిపోతున్నాయి. ఆ ఎరుపంతా ఇనుము తుప్పే. దాని లోపలి అయస్కాంతమే అలలు వేస్తోంది. బొట్టు ఎప్పుడూ నడుమనే పెడతారు కాబట్టి కిరణం తప్పే వీలే లేదు. అబ్బాయికి చెప్తే వాడూ నవ్వాడు. పెద్దావిడకు వాడు ఎలా చెప్పాడో కానీ ఆమె కూడా ఫక్కున నవ్వడం వినిపించింది.

అమ్మ ఒక్కతే నవ్వలేదు. "నా చేత ఖరాబైందా?" అంది. ఏమీ కాలేదమ్మా, మూత మారిస్తే సరిపోతుందన్నాను. వినిపించుకోలేదు. చిక్కుడుకాయల పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. నాకు ప్రాణం ఉసూరుమంది, లేచి వెనక వెళ్లడానికి కాలు లేదు.

మూత మార్చి, మళ్లీ అన్నీ సరిచేయడానికి మర్నాటి మధ్యాహ్నం వరకూ పట్టింది. గీత ఈసారి నున్నగా జారింది. అప్పుడు రెండో రేకును కదిపాం. గీత జారుతూ జారుతూ, మేం అనుకున్న చోటే ఆగి, పైకి లేచింది. దాచుకున్న వెలుగును మేం అడిగిన క్షణంలో తిరిగిచ్చాయి ఆ కేంద్రకాలు. నేను మంచం మీద ఎగిరాను. కట్టు సంగతి గుర్తే లేదు. నొప్పికి అరిచానో సంతోషానికి అరిచానో నాకే తెలియదు. అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, ముందు నా కాలు చూసి, తర్వాత నా మొహం చూసింది. "వచ్చిందా?" అంది. వచ్చిందమ్మా అని ఆమె నడుము పట్టుకుని ఏడ్చాను. అంత సంతోషం నాకు డిగ్రీ చేతికొచ్చిన రోజు కూడా లేదు.

అయినా అమ్మ మనసులో ఆ ముక్క ఉండిపోయింది. ఆ దసరాకు నాన్న బండికి బొట్టు పెట్టింది, మిక్సీకి పెట్టింది, కుట్టుమిషన్‌కు పెట్టింది. నా ల్యాప్‌టాప్ దగ్గరికొచ్చి, వేలు చాచి, వెనక్కి తీసుకుంది. "దాన్కి వద్దులే," అంది. ఆ వెనక్కి పోయిన వేలు నాకు చాలా రోజులు గుర్తుంది.

ఈ ఏడు మళ్లీ సమయం ఇచ్చారు. కాలు బాగైంది, ఈసారి నేనే వెళ్తున్నాను. తెచ్చుకోవాల్సిన సామాను గురించి పెద్దావిడ పంపిన జాబితాలో చివరి మాట చదివి రెండుసార్లు కళ్లు తుడుచుకున్నాను. పాత ఎర్రచుక్క మూతను ఆమె పారేయలేదట. ఆ అలలు ఎంత లెక్కగా వస్తాయంటే, ప్రతి ప్రయోగానికీ ముందు యంత్రంలోని గడియారాలు సరిగ్గా నడుస్తున్నాయో లేదో దానితోనే చూసుకుంటున్నారట. వాడి వాడి చుక్క అంచులు రాలిపోతున్నాయట. అలాంటిదే ఇంకొకటి వస్తూ తెమ్మంది.

చాచా కొత్త మూత చేసిచ్చాడు. వంటింట్లో అమ్మ ముందు పెట్టి, జాజు గిన్నెను దాని పక్కకు జరిపాను. విషయం చెప్పాను. నమ్మలేదు. ఫోన్‌లో ఆ మాట చదివి వినిపించాను. అప్పుడు చెయ్యి కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, వేలు ముంచి, మూత మీదికి తెచ్చి ఆగింది.

"ఏ మూలకు వెట్టాలె? ఎలుతురు తాకకుంట యాడ పెట్టాల్నో చెప్పు బిడ్డా."

"నడుమ పెట్టమ్మా," అన్నాను. "సరిగ్గ నడుమ."