చికెన్ ర్యాప్, మావయ్య పెరుగన్నం

ఇరవై రెండేళ్ల వయసులో మనిషికి తనకన్నీ తెలుసనే నమ్మకం ఉంటుంది. నాకు ఆ రోజుల్లో అది దండిగా ఉండేది. ఆటోనగర్‌లో మా మేనమామ స్పేర్ పార్టుల కొట్లో గ్రీజు చేతులతో బేరింగులు తీసిచ్చే పని నాది. నాన్న పోయాక అమ్మనూ నన్నూ పటమటలో తన ఇంట్లోనే పెట్టుకున్న మనిషి ఆయన. (ఆ మాట రోజూ గుర్తు చేసేవారు కాదు, రోజు విడిచి రోజు చేసేవారు.) కొట్టు ముందు ఖాళీగా ఉన్న వరండాలో చికెన్ ర్యాప్‌లు అమ్మాలని నా కోరిక. అది దొరికితే ఆ గ్రీజు నుంచీ, ఆ మాటల నుంచీ బయటపడొచ్చు. నెల రోజులు అమ్మ చేత అడిగిస్తే, చివరికి "ఆదివారం చేసిపెట్టమను, తిని చెప్తా" అన్నారు.

ఆదివారం చర్చి ఎగ్గొట్టి వంటింట్లో దూరాను. ఫోన్లో వీడియో చూస్తూ మైదా రొట్టెలు పల్చగా కాల్చాను. ఎముకల్లేని చికెన్ ముక్కలకు కారం, నిమ్మరసం పట్టించి పెనం మీద వేయించాను. గుడ్డు, నూనె మిక్సీలో తిప్పి, మీగడ, వెల్లుల్లి, మిరియాల పొడి వేసి తెల్లటి సాస్ చేశాను. మూడుసార్లు విరిగి నాలుగోసారి కుదిరింది. ర్యాపుల్లో రాయగా మిగిలిన సాస్‌ను, మా ఇంట్లో రోజూ పెరుగు ఉండే స్టీలు గిన్నెలో పోసి బల్ల మీద పెట్టాను. బుద్ధి ఉన్నవాడెవడూ చెయ్యని పని.

మావయ్య చర్చి నుంచి వచ్చి కూర్చున్నారు. ర్యాప్ విప్పి, రొట్టె పక్కన పెట్టి, ముక్కలన్నీ పళ్లెంలోకి దులిపి, "అన్నమేదే?" అన్నారు. అత్తయ్య ముందే వండి ఉంచింది (నా మీద ఆవిడకున్న నమ్మకం అలాంటిది). ముక్కలు అన్నంలో కలుపుకుని తిని, "బానే వేగిందిరా" అన్నారు. నా మనసు అప్పుడే వరండాలో పొయ్యి వెలిగించేసింది. అంతలో ఆయన చెయ్యి స్టీలు గిన్నె మీదికి పోయింది. నాలుగు గరిటెలు అన్నంలో వేసుకుని, ఉప్పు చల్లి, మాగాయ టెంక పక్కన పెట్టుకుని మెత్తగా పిసికారు. అది సాస్ అని ఒక్క మాట చెప్తే చాలు. కానీ భోజనం దగ్గర ఆయనకు అడ్డు చెప్పినవాళ్లు ఆ ఇంట్లో లేరు, ఆయన తిండి తింటున్నవాణ్ణి నేనెలా చెప్పను? అమ్మ నా వైపు చూసి వద్దన్నట్టు తలూపింది. ఆయన ముద్ద పెట్టుకున్నారు, అతి కష్టం మీద మింగారు, గ్లాసెడు నీళ్లు తాగారు.

"పెరుగు తోడేసిందెవరు?"

"నేనే మావయ్యా" అన్నాను. ఎందుకన్నానో దేవుడికే తెలియాలి.

"తోడెయ్యడం కూడా రానోడివి హోటలేం పెడతావురా? రేపు పెందలాడే వెళ్లి కొట్టు తియ్యి."

వారం తిరక్కుండా వరండా నిండా పాత టైర్లు పేర్చారు. వాటిని మోసింది నేనే. ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు.

మొన్న కొట్టుకి ఎవరో ర్యాప్‌లు తెప్పించారు. మావయ్య విప్పకుండానే తిని, మూతికంటిన సాస్ వేలితో తీసి నాకుతూ, "ఇలాంటిది అప్పుడే నేర్చుకునుంటే ఆ వరండా నీకే ఇచ్చేవాణ్ణి గదరా" అన్నారు. నాకిప్పుడు ముప్పై మూడు. ఆ రోజు నోరు మెదపని కుర్రాణ్ణి పిరికివెధవ అని పదకొండేళ్లుగా తిట్టుకుంటున్నవాణ్ణి, ఈసారైనా చెప్పేద్దామని నోరు తెరిచాను.

"ఇంకోటి తెప్పించమంటారా మావయ్యా?" అన్నాను.

నవ్వొచ్చింది. పాపం, ఆ కుర్రాణ్ణి అనవసరంగా తిట్టాను.