సంచి అడుగున కృష్ణబిలం

పొద్దున్నే కళ్లద్దాలు పెట్టుకుని పేపరు పట్టుకుంటే, అక్షరం ముక్క రాని ఆ రోజులు నావేనా అనిపిస్తుంది. అప్పట్లో నిజామాబాద్ గంజిలో, అంటే పసుపు మార్కెట్లో, కొమ్ములు ఏరే పనికి పోయేదాన్ని. మా మేడ మీద గదిలో అద్దెకుండే పిల్ల రోజూ బస్సులో బోధన్ పోయి కాలేజీలో లెక్కలు చెప్పేది. (వాడలో అందరికీ ఆమె 'లెక్కల పిల్ల'. అసలు పేరు పోస్టుమన్‌కే తెలుసు.) సాయంత్రం నేను రొట్టెలు చేస్తుంటే పక్కన పీట వేసుకుని నాకు అక్షరాలు దిద్దించేది. దానికి ఆమె అడిగిన ఫీజు ఒక్కటే, తన ఉపన్యాసం నేను వినాలి. హైదరాబాద్ నుంచి పెద్ద సార్లు వస్తున్నారట, వాళ్ల ముందు బాగా చెబితే పరిశోధనకు సీటట. తెలివికి కొదవ లేదు, క్లాసులో పిల్లలకు బాగానే చెప్పేది గానీ, పెద్దవాళ్ల ముందు మాటలు నోట్లోనే నమిలేది.

"కృష్ణబిలం వెలుగును గూడ మింగుతదక్కా. దాని లోపట ఎన్ని తీర్ల అమరిక ఉంటదో లెక్కగట్టాలె. గా లెక్కలు 'మాక్ మాడ్యులర్ ఫంక్షన్లు' అనే గణితంల దొరుకుతయి. అవి మస్తు పద్ధతిగ ఉన్నట్టే కనబడతయి గని జర తక్కువ పడతయి."

"మా ఆయన తీరు," అన్నాను.

నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. "కొన్నిటికి సూత్రాలు ఊహించి రాసిండ్రక్కా. మొదటి లెక్కలు సరిపోయినయి. అన్నిటికీ సరిపోతదని ఇంక రుజువు కాలె."

నాకు గంజి గుర్తొచ్చింది. సేటు సంచి మూతి విప్పి, పిడికెడు కొమ్ములు తీసి, ఒకటి విరిచి చూసి ధర చెప్పేస్తాడు. "అంటే పిడికెడే సూసిండ్రు. సంచి అడుగు సూసినవా?" అన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది. "గా ప్రశ్న అక్కడెవ్వలన్న అడుగుతె నేను సచ్చిపోతనక్కా!"

ఉపన్యాసం రోజు ధైర్యానికని నన్నూ కాలేజీకి వెంట తీసుకుపోయి ముందు వరుసలో కూర్చోబెట్టింది. పాపం, బోర్డు వైపు తిరిగి, బోర్డుకే వినబడేట్టు ఏదో గొణిగి ముగించింది. "ప్రశ్నలున్నాయా?" అన్నాడు పెద్ద సారు. వెనక వరుసల వాళ్లు పుస్తకాలు సర్దుకుంటున్నారు. ఆయన గడియారం చూసుకున్నాడు, పిల్ల తల దించుకుంది. గంజిలో ఎవరూ ఏమీ అడగని సంచి తిరిగి ఇంటికే పోతుంది. అది తలుచుకోగానే నా కాళ్లు వాటంతటవే లేచాయి. నాకు తెలిసిన ప్రశ్న ఒక్కటే కదా.

"సంచి అడుగు సూసినవా బిడ్డా?"

హాలంతా గొల్లున నవ్వింది. ఆ కృష్ణబిలమేదో నన్ను మింగితే బాగుండునని చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను. పిల్ల మాత్రం, పొయ్యి దగ్గర నిలబడ్డట్టే నడుం మీద చెయ్యి పెట్టి, "లేదక్కా, సూడలె! దునియాల ఎవ్వలూ సూడలె. గందుకే నాకు సీటు గావాలె!" అని అరిచింది. తర్వాత సుద్దముక్క అందుకుంటే ఆపేవాళ్లు లేరు. సార్ల ముందు చాయ్ చల్లారిపోయింది.

సీటు ఆమెకే అని అక్కడే చెప్పేశారు. తిరుగు బస్సులో "సచ్చిపోతనంటివి గదనే?" అంటే, నా భుజం మీద తల పెట్టి, "ఏమో అక్కా, సచ్చుడు యాది మరిచిన," అంది. నాకు అక్షరాలిచ్చిన పిల్లకు నేనిచ్చింది ఆ ఒక్క ప్రశ్న. అదీ ఆమెను భయపెట్టిందే.

ఇప్పటికీ ఫోన్ చేస్తే ముందు అదే అడుగుతాను. "అడుగు దొరికిందా?"

"ఇంక లేదక్కా. నీ పేపరు సంగతేంది, మొత్తం సదువుతున్నవా?"

"మొదటి పేజీల ఉన్న బిడ్డా," అంటాను, చల్లారిన చాయ్ పక్కకు జరుపుతూ. "అడుగు నేను గూడ ఇంక సూడలె."