అవియాయా చేతి తొడుగు

గ్రీన్లాండ్ మంచు నడినెత్తిన తొమ్మిది వేసవులుగా బావులు తవ్వుతున్నది అవియాయా. జానెడు పైచిలుకు వెడల్పు, వంద మీటర్ల లోతు. ఒక్కో బావిలోకి యాంటెన్నాల దండ దింపేదీ, పైన జెండా పాతేదీ ఆవిడే. ఆకాశంలో ఎక్కడినుంచో వచ్చిన న్యూట్రినో అనే కంటికందని కణం ఈ మంచులో దేన్నయినా గుద్దుకుంటే క్షణకాలం రేడియో చిటుకు పుడుతుందట. తొమ్మిదేళ్ళలో ఒక్కటీ దొరకలేదు.

నిరుడు డెన్మార్క్ నుంచి దిగిన కుర్ర శాస్త్రవేత్త సిల్యెకు మాత్రం రెండో వేసవికే దొరికింది. అదీ అవియాయా తవ్విన ఏడో బావిలో! చిటుకు పైనుంచా, లోపలినుంచా అని తేల్చే పై యాంటెన్నా ఆ వారం మూగబోయింది. అయినా అందరూ ఆశపడ్డారు. భోజనశాలలో కాఫీమిక్ పెట్టారు. బిడ్డ తొలి పన్నుకైనా సరే, కాఫీ, కేకులతో అందరినీ పిలవడం అక్కడి అలవాటు.

"ఎండుద్రాక్ష దండిగా వెయ్యి. సిల్యెకు ఇష్టం," అన్నాడు శిబిరం పెద్ద క్నూడ్, కేకు పిండి కలుపుతున్న అవియాయాతో.

"తెలుసులే. బావి కూడా ఆవిడకు నచ్చినట్టే తవ్వానుగా!"

విజ్ఞానం అందరిదీ అనేవాళ్ళు, కేకు ఎవరి పేరున కోస్తున్నారో చూడరు. అవియాయా చూసింది.

"గురువారం, పొద్దున పది నలభై రెండు!" అంది సిల్యె, తెర మీది గీత చూపిస్తూ.

అవియాయా చేతిలో కత్తి ఆగింది. ఆ వేళకు తను ఏడో బావి దగ్గరే ఉంది. మరిచిపోయిన పార కోసం వెనక్కి వెళ్ళింది. బావి దగ్గరికి మనిషి వెళ్తే పుస్తకంలో రాయాలి; ఆ నిమిషాల రికార్డు లెక్కలోంచి తీసేస్తారు. పనిముట్టు ఏనాడూ మరవలేదని గొప్పలు పోయే అవియాయా రాయలేదు. పైగా మంచుకు చచ్చిన రెండు వేళ్ళ కోసం బ్యాటరీతో వేడెక్కే తొడుగులు వేసుకుంది. బటన్ నొక్కితే అవీ రేడియో చిటుకు పుట్టిస్తాయని బావి దగ్గర నిషేధం.

చెబితే బావులు తవ్వే డ్రిల్లు చేతిలోంచి పోతుంది. ఊరుకుంటే సిల్యె మొహం అలా వెలుగుతూనే ఉంటుంది.

"అది నా చెయ్యి, పిల్లా."

"ఏంటి?"

"పార మర్చిపోయి వెళ్ళా. తొడుగు బటన్ నొక్కా."

"కళ్ళు మండి అంటున్నావ్," అన్నాడు క్నూడ్.

"కళ్ళు మండే అంటున్నా. అబద్ధం మాత్రం కాదు."

సిల్యె కంప్యూటర్ ముందు కూర్చుంది. అవియాయా ఏడో బావి జెండా దగ్గరికి నడిచి, బటన్ మూడుసార్లు నొక్కింది. తిరిగొచ్చేసరికి తెర మీద అదే గీత, మూడుసార్లు.

"మా అమ్మకు కూడా చెప్పేశాను," అంది సిల్యె.

క్నూడ్ డ్రిల్లు ఇంకొకరికి ఇచ్చాడు. ఆ వేసవి చివరిదాకా వంటగదే, వచ్చే ఏడు పిలుపుండదని చెప్పేశాడు. మర్నాడు, లెక్కలోంచి ముందే ఏరి పారేయాల్సిన చిటుకుల పట్టీ గోడకు అంటించింది సిల్యె. అన్నిటికన్నా పైన: అవియాయా చేతి తొడుగు.

కాఫీ కూజాతో నిలబడి రెండుసార్లు చదివింది అవియాయా.

"ఇక ప్రతి బావిలోనూ, ప్రతి ఏడూ ముందు నీ పేరే వెతకాలి," అంది సిల్యె, మూతి బిగించి. "నా పేరు ఎక్కడా లేదు."

అవియాయా కూజా బల్ల మీద పెట్టింది. వంటగదిలోకి వెళ్ళి, మిగిలిన కేకులో ఎండుద్రాక్ష ఎక్కువున్న ముక్క చూసుకుని తనే తినేసింది.